పల్లకీకి ఆవిరి పట్టిన చెంగమ్మ

కొండ నుంచి రాజుగారికి తెస్తున్న తేనెకుండ దారిలోనే ఖాళీ అయింది. పల్లకీలో వచ్చిన దివాను, కుండను బయట మోతకర్రకు వేలాడదీశామనీ, బోయీ పోతయ్యే తాగేశాడనీ చెప్పాడు. పోతయ్యకు కొరడాదెబ్బలు ఖాయమయ్యాయి.

"ముందు పల్లకీ శుభ్రం చేయనివ్వండి ప్రభూ," అంది కోట బట్టలుతికే చెంగమ్మ. రాజు సరేనన్నాడు.

ఆమె అందరి ముందే పల్లకీలోని తివాచీకి ఆవిరి పట్టి, పళ్లెంలోకి పిండింది. ఆ మురికినీళ్లు చల్లారగానే పళ్లెం చుట్టూ చీమలు బారులు తీరాయి.

"కుండ బయట వేలాడితే, తివాచీలోకి తేనె ఎలా వచ్చింది దొరా?" అని అడిగింది చెంగమ్మ.

దివానును ఇకమీదట నడిచే తిరగమన్నాడు రాజు.

పోతయ్య హమ్మయ్య అనుకుని, తోటి బోయీలతో కలిసి పల్లకీ ఎత్తాడు. ఇన్నేళ్లలో అది అంత తేలిగ్గా ఎన్నడూ లేదు.