రెండు తీరాల అరణి

పూర్వం తామ్రవతీ నదికి ఉత్తరతీరాన్ని ఏలిన రుచిధ్వజ మహారాజు, దక్షిణతీరాధిపతియైన శతవ్రతునితో పన్నెండేళ్లు పోరాడి, గెలిచి, గెలిచాక కూడా మనసు కుదుటపడక, చెరిగిపోని సంధిని కోరి, నది నడుమ ఇసుకతిన్నెపై యజ్ఞశాల కట్టించాడు. తాతలు తాళపత్రాలపై రాసుకున్న సంధులు రెండుమార్లు వమ్మయ్యాయి. అందుచేత ఈసారి అరణి మథించి, అప్పుడే పుట్టిన అగ్ని సాక్షిగా ప్రమాణం చేయాలని నిశ్చయించారు. మూడవనాటి సూర్యాస్తమయంలోగా అగ్ని పుట్టకపోతే మళ్లీ యుద్ధమే. ఇరువైపులా సేనలు కాచుకుని ఉన్నాయి.

కింది కొయ్యపై నిలిపిన కవ్వాన్ని ఒకరు తల వంచి అదిమిపట్టాలి. ఎదుట నిలిచి మరొకరు తాడు చుట్టి లాగాలి. రుచిధ్వజుడు రెండు పనులకూ తన ఋత్విజులనే నియమించాడు. ఓడినవాడు చూస్తూ నిలబడితే చాలుననుకున్నాడు. రెండు రోజులు పొగైనా రాలేదు.

మూడవనాడు తపోధనుడైన వైణేయ మహర్షి అన్నాడు: “రాజా, రెండు పనులూ నీవారే చేస్తే దాన్ని సంధి అనరు, శాసనం అంటారు. కవ్వం నీవు పట్టు. తాడు అతనికివ్వు.”

రుచిధ్వజుడు చేత్తో మెడ తడుముకున్నాడు. “మహర్షీ, అతని కొడుకు యుద్ధంలో పోయాడు.”

“ఎవరి చేత?”

రాజు కవ్వం వైపు నడిచాడు. ఇన్నాళ్లూ తాను శత్రువుకు భయపడుతున్నాననుకున్నాడు; భయపడింది ఈ ఒక్క ప్రశ్నకు.

శతవ్రతుడు తాడు అందుకుని నవ్వాడు. “ఏమయ్యా ఉత్తరేశ్వరా, మెడ నీది, తాడు నాది. జ్యోతిష్కులను అడిగే వచ్చావా?”

“అడగలేదు. అడిగితే వద్దనేవారు.”

రుచిధ్వజుడు వంగి కవ్వం అదిమి, నేలచూపుతోనే అన్నాడు: “నీ కొడుకు చిత్రబాహుని కొట్టిన బాణం నాది. ఆయుధం ఒడ్డున పెట్టి, నీళ్ల కోసం రేవులో దిగి ఉన్నాడు. అది ధర్మయుద్ధం కాదు. ఎవరికీ చెప్పలేదు.”

ఇసుకపై శత్రువు నీడ చేతులు తాడును మెల్లగా పైకెత్తాయి. రాజు తల ఎత్తలేదు.

“దాహంతో పోయాడా?” అన్నాడు శతవ్రతుడు.

“లేదు. తాగాడు. చూశాను.”

నీడ చేతులు దిగాయి. తాడు కవ్వాన్ని చుట్టుకుని ఒకసారి, మరొకసారి, ఆపైన ఆగకుండా ఆడసాగింది. సూర్యుడు నీటిని తాకే వేళ అరణి పొగలు చిమ్మి ఎర్రబడింది; హవ్యవాహనుడైన అగ్నిదేవుడు ప్రత్యక్షమై వరం కోరుకొమ్మన్నాడు.

“దేవా, మా మనుమలకు పగ పుట్టకుండా చేయి” అన్నాడు రుచిధ్వజుడు.

“కడుపులో మంట లేని మనిషిని సృష్టిలో నేనింకా చూడలేదు నాయనా. మరొకటి అడుగు.”

ఈసారి శతవ్రతుడు అడిగాడు: “అయితే స్వామీ, ఏటా ఇక్కడ ఇరుతీరాలవారూ కలిసి మథిస్తేనే మా పొయ్యిలు వెలగాలి. తల వంచేవాడూ తాడు పట్టేవాడూ ఏటా మారాలి.”

“తథాస్తు” అన్నాడు అగ్నిదేవుడు.

ఆనాడే సేనలు విడిపోయాయి, బీళ్లు నాగలి ఎరిగాయి. మరుసటి ఏడు తల వంచే వంతు శతవ్రతునిది. తాడు పట్టుకుని నిలిచినప్పుడు గాని, ఆ మెడ చేతికి ఎంత దగ్గరో రుచిధ్వజునికి తెలియలేదు. జాగ్రత్తగా లాగాడు.

ఈ వృత్తాంతం విన్న ఇంట పగ ఉండదని పెద్దలు చెప్పరు. పొయ్యి ఆరదని మాత్రం చెబుతారు.