మడవని ఆసనం

పూర్వం, రాజులు శత్రువుల కంటే పురసభల మాటకు ఎక్కువ జంకిన కాలంలో, కలహంసినీ నదీతీరాన తుంగపురమనే పట్టణాన్ని ఐదుగురు సభ్యులు ధర్మం తప్పకుండా నడుపుకుంటూ ఉండేవారు. ఆ సభకు ఒక కట్టుబాటు ఉండేది. తనవారికి సంబంధించిన విషయం చర్చకు వచ్చినప్పుడు సభ్యుడు తాను కూర్చున్న చాపను మడిచి చంకన పెట్టుకొని, గడప దాటి బయట నిలవాలి. నిర్ణయమయ్యాకే తిరిగి లోపలికి రావాలి. ఆ నియమం సాక్షాత్తు ధర్మదేవత పెట్టినదని పెద్దలు చెప్పుకునేవారు.

ఒక ఏడాది వానలు మొహం చాటేసి, నది సన్నగిల్లి, ఎగువ దిగువ కాలువల్లో ఒక్కదానికే నీరు చాలే స్థితి వచ్చినప్పుడు, నీటిపనుల్లో ఆరితేరినవాడూ, ముప్పై ఏళ్లుగా మచ్చలేని సభ్యుడూ అయిన సుమేధసుడు ఎగువకే నీరివ్వాలని వాదించి సభను ఒప్పించాడు. ఎగువన అతని అల్లుడి పొలం ఉంది. అయినా సుమేధసుడు చాప మడవలేదు. దిగువన నువ్వుచేను పోగొట్టుకున్న ఇల అనే రైతుస్త్రీ రాజధానికి నడిచివెళ్లి మొరపెట్టుకోగా, సత్యకేతు మహారాజు ఆ విచారణను, రాగద్వేషాలను జయించినవాడని ముల్లోకాలూ కొనియాడే ఋతంభర మహర్షికి అప్పగించాడు. తప్పు తేలితే సుమేధసుడు పన్నెండేళ్లు సభ గడప తొక్కకూడదు. తేలకపోతే సభ మాట ఇక వినేది లేదని దిగువవారు అప్పటికే పలుగులు పట్టుకొని కాలువగట్టు మీద కాచుకున్నారు.

మహర్షి పొద్దు పొడవగానే రెండు పొలాలూ తిరిగాడు. ఎగువన వరి పొట్టమీద ఉంది. ఆ వారం నీరు తప్పితే గింజ దక్కేది కాదు. నిర్ణయం మంచిదే. దిగువన మాడిన నువ్వుచేను గట్టున ఇల కూర్చుని ఉంది. పిమ్మట సభామంటపంలో సుమేధసుణ్ణి పిలిపించి అడిగాడు.

"నాయనా, కట్టుబాటు మరిచావా?"

"మరవలేదు మహర్షీ," అన్నాడు సుమేధసుడు, చేతులు జోడించి. "నేను లేస్తే మిగిలేది నలుగురు. ఇద్దరు ఎగువ పక్షం, ఇద్దరు దిగువ పక్షం. వారు తేల్చుకునేలోగా రెండు వైపులా పైరు మాడిపోయేది. నా మనసులో అల్లుడు లేడు, వరి ఉంది. నిప్పు ముట్టుకొని చెప్పమన్నా చెబుతాను."

అబద్ధమాడే ముఖం కాదది. మహర్షికి ఆ ముసలి సభ్యుడి మీద జాలి కలిగింది. జాలి కలిగినందుకు తన మీద తనకే విసుగు పుట్టింది. నిర్ణయం సరైనది, మనిషి మంచివాడు, మరి తప్పెక్కడుంది? లేదందామా, ఇల ముఖం కళ్లముందు నిలుస్తోంది. నూరేళ్ల తపస్సులో ఏనాడూ చలించని ఆ మహానుభావుడు, జపమాల తీస్తే లెక్క తప్పుతూ, కూర్చుంటే లేవాలనిపించి, లేస్తే కూర్చోవాలనిపించి, మంటపంలో ఆ మూల నుంచి ఈ మూలకు కాలుగాలిన పిల్లిలా తిరగసాగాడు.

మరొకటి కూడా ఆయన్ను తొలిచేసింది. దిగువ కాలువవారు సాక్ష్యమివ్వడానికి వస్తున్నారు, గడపలో ఆగుతున్నారు, ఆయన కూర్చున్న వైపు ఒకసారి నేలచూపు చూసి, "మాకేం తెలియదు స్వామీ" అని వెళ్లిపోతున్నారు. ఒకరా ఇద్దరా, మూడు రోజుల్లో పదిహేడుమంది. తన తేజస్సుకు భయపడుతున్నారేమోనని మహర్షి కొంచెం పొంగిపోయాడు కూడా, ఎంత ఋషి అయితేనేం!

మూడోనాటి మధ్యాహ్నం ఇల వచ్చి గడప అవతలే నిలబడింది.

"లోపలికి రా తల్లీ. నీవారంతా నోరెందుకు మెదపరు?"

"ఏం మెదుపుతారు స్వామీ? తమరు కూర్చున్న చాప ఎవరింటిదో అడిగారా?"

మహర్షి కిందికి చూశాడు. ఎర్రటి అంచు మీద నల్లటి కొంగల బారు నేసిన తుంగచాప అది. వచ్చిన నాడు మంటపంలో రాతినేల కాలిపోతోందని ఎవరో ఇల్లాలు తెచ్చి పరిచింది. ఆయన ఆశీర్వదించి కూర్చున్నాడు.

"ఈ ఊళ్లో ఏ ఇంటి అంచు ఆ ఇంటిదే. కొంగల అంచు సుమేధసుడిగారిది. పరిచింది ఆయన కూతురు, ఆ ఎగువ పొలంవారి కోడలు. పసిపిల్లకైనా తెలుసు. తమకొక్కరికే తెలియదు."

"తెలియక కూర్చున్నానమ్మా. నా మనసులో..." అనబోయి, మహర్షి ఆగిపోయాడు. నా మనసులో అల్లుడు లేడు అన్న మాట ఆయన చెవిలో మళ్లీ వినిపించింది. సిగ్గుతో ఆ తపోధనుడి ముఖం కందిపోయింది.

ఆయన లేచి, కొంగల చాపను మడిచి చంకన పెట్టుకొని, జనమంతా చూస్తుండగా గడప దాటి, ఎండకు కాలుతున్న ఇసుకలో నిలబడి, గొంతెత్తి ఇలా పలికాడు:

"తుంగపుర ప్రజలారా! సభ్యుడి ఆసనాన్ని విచారించడానికి వచ్చి నేనే కూడని ఆసనం మీద కూర్చున్నాను. నా మనసు నిర్మలమని నేనెరుగుదును, గడప అవతల నిలబడినవారెలా ఎరుగుతారు? చాప మడిచేది వారి కోసమని నాకిప్పుడు తెలిసింది. కాబట్టి ఈ తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. మహారాజు మరొకరిని పంపుతారు."

అప్పుడు సుమేధసుడు వచ్చి మహర్షి పక్కన అదే ఇసుకలో నిలబడ్డాడు. అతని కళ్లు నిండిపోయాయి.

"మరొకరెందుకు మహర్షీ? తప్పు చేశాను. నేను లేచి వెళ్లి ఉంటే, పైరు పోయినా సభ నిలిచేది. ఇలమ్మా, నీ చేను నేను తేలేను. పన్నెండేళ్లూ బయటే ఉంటాను. అంతవరకూ మీ దిగువ కాలువకు పూడిక తీస్తాను, చేతనైనంత."

ఆ మాట ముగియకముందే గాలి చల్లబడి, శుభ్రవస్త్రధారిణి, సకలలోక సాక్షిణి అయిన ధర్మదేవత ఇసుక మీద సాక్షాత్కరించింది. ఇద్దరినీ కరుణతో చూసి, ఇలవైపు తిరిగి, "అమ్మాయీ, నీ నోటి మాట వల్ల నా నియమం నిలిచింది. వరం కోరుకో" అంది.

ఇల దండం పెట్టింది. మహర్షి వైపు చూసింది.

"తల్లీ, మూడు రోజులుగా దూరం నుంచే ఈ స్వామి కుదురుగా కూర్చోలేక మంటపమంతా తిరగడం చూశాను. తనవారి విషయం వచ్చినప్పుడు లేవకుండా కూర్చునే ప్రతివాడికీ ఆ కుదురులేనితనం ఇవ్వు."

ధర్మదేవత నవ్వి, "తథాస్తు. నీరు నువ్వు అడగకుండానే ఇస్తున్నాను" అని అంతర్ధానమైంది. సాయంత్రానికి కొండల మీద మబ్బు పట్టింది. కలహంసిని నిండుగా పారి, రెండు కాలువలకూ అందింది. దిగువవారు పలుగులు భుజాన వేసుకొని, సుమేధసుడి వెంట పూడిక తీయడానికి వెళ్లారు.

నాటినుంచి ఆ సభలో ఎవరైనా కూర్చున్నచోట అటూ ఇటూ కదిలితే, తక్కినవారు పల్లెత్తు మాట అనకుండా గుమ్మం వైపు చూసేవారు. అతడు చాప మడిచేవాడు. ఈ కథ విన్నవారికి తమ చాప అంచు తమకు కనబడే చూపు కలుగుగాక.