ఊరికే వచ్చిన రాళ్లచక్రం

కొండముచ్చుల నాయకుడు దీర్ఘవాలుడు ఊరికే వచ్చిన ఆయుధాన్ని నమ్మాడు. అందువల్ల మంద సగమైంది.

వెదురుకోన అనే అడవిలో వాగుకి ఇవతల కొండముచ్చులు, అవతల అడవిపందులు ఉండేవి. ఆ ఎండాకాలం వాగు ఎండిపోయి ఒక్క మడుగు మిగిలింది. దానికోసం రెండు మందలూ పోట్లాడుకునేవి. కొండముచ్చులు రాళ్లు విసిరితే, పందులు మూతితో ఎగజిమ్మేవి. ఒక రాయి విసిరి ఇంకోటి ఏరుకునేలోగా ఎదుటివాళ్లు తప్పుకునేవాళ్లు. అలిసిపోగానే పోరు ముగిసేది. దెబ్బలు తగిలేవి గాని చావులు అరుదు.

ఒకరోజు నక్క వెదురుతో చేసిన చక్రాన్ని దొర్లించుకుంటూ వచ్చింది. అందులో రాళ్లు పోయించి పిడి తిప్పించగానే అవి వడగళ్లలా ఆగకుండా ఎగిరిపడ్డాయి.

“దొరా, దీన్ని ఒకరు తిప్పితే వందమంది పెట్టు. ఇక పోరుకి నలుగురు చాలు. మిగతావాళ్లు పిల్లల్ని చూసుకుంటూ హాయిగా బతకొచ్చు,” అంది నక్క.

దీర్ఘవాలుడి అక్క ధూమిని ముందుకొచ్చింది. “దీనికి బదులు నీకేం కావాలి?”

“ఏమీ వద్దు తల్లీ. చావులు తగ్గాలనే నా తాపత్రయం.”

“చావులు తగ్గితే నువ్వేం తింటావు?”

నక్క పళ్లికిలించింది. ధూమిని దాని కాళ్లకేసి చూసింది. “అవతలి గట్టు ఎర్రమట్టి అంటుకుందేం? పందులకీ ఒకటి ఇచ్చి వస్తున్నావా?”

“నీ నీడని కూడా అనుమానిస్తావక్కా! పందులకి పిడి తిప్పే చేతులెక్కడివి?” అన్నాడు దీర్ఘవాలుడు. మందంతా నవ్వింది.

మర్నాడు పొద్దున్నే అతనే పిడి తిప్పాడు. పందులు వరసగా కూలాయి. “చూశావా అక్కా!” అని అరిచాడు.

అంతలో అవతలి పొదల్లోంచి కిర్రుమని అదే చప్పుడు వచ్చింది. నక్క పందులకి అప్పటికే మూతితో నెట్టే చక్రం చేసిచ్చింది. దీర్ఘవాలుడు పిడి పట్టుకునే కూలిపోయాడు. పక్కకి తప్పుకునే వ్యవధి ఎవరికీ దొరకలేదు. గుట్టమీద నక్క పెళ్లాంపిల్లలతో కూర్చుని ఎదురుచూస్తోంది.

మరునాడు నక్క నిగనిగలాడుతూ ధూమిని దగ్గరికి వచ్చింది. “ఇక మందకి నువ్వే దిక్కు తల్లీ. ఇంకా వేగంగా తిరిగేది చేశాను. త్వరపడు, పందులూ అడుగుతున్నాయి.”

ధూమిని దాన్ని తరిమికొట్టి, ఉత్త చేతులతో వాగు దాటింది.

“ఏం, ఇంకా ఎవరు మిగిలారో చూసిపోదామనా?” అంది పందుల పెద్ద.

“నక్కని చూశావా వదినా? ఒక్కరోజులో ఎలా బలిసిందో!” అంది ధూమిని.

పందుల పెద్ద తమ చక్రాన్ని గట్టుమీదికి తెప్పించింది.

రెండు చక్రాలనీ ఒకరి కళ్లెదుట ఒకరు విరగ్గొట్టారు. పొద్దున మడుగు కొండముచ్చులది, సాయంత్రం పందులది అనుకున్నారు. ధూమిని పందుల్ని నమ్మిందని కాదు. రోజూ గట్టుమీద కాపలా పెట్టింది. కానీ బతికినన్నాళ్లూ ఇంకో చక్రాన్ని మాత్రం తన గట్టుమీదికి రానివ్వలేదు.

నీతి: చావులు తగ్గిస్తానని ఆయుధం ఇచ్చేవాడికి కడుపు ఎలా నిండుతుందో ముందు కనుక్కోవాలి.