ఐదు గోల్స్ తర్వాత

నాలుగు రోజులుగా రాజలింగు, ఓదెలు మాట్లాడుకోవడం లేదు.

ఊళ్లో ఇంకెవరైనా ఇద్దరు మాట్లాడుకోకపోతే ఎవరికీ పట్టేది కాదు. వీళ్లు ఐదో గనిలో పట్టాల మీద నడిచే ఒకే టబ్బులో బొగ్గు నింపే జోడీ. పదమూడేళ్లుగా ఒకడు పార పట్టుకుంటే ఇంకొకడు తట్ట పట్టుకుంటున్నాడు. భూమి లోపల పనిచేసేవాళ్లకు పక్కవాడి గొంతు వినపడుతూ ఉండటం ఎంత అవసరమో వాళ్లకే తెలుసు.

ఇద్దరూ లస్మయ్య సామి శిష్యులే. సామి కూడా ఒకప్పుడు ఆ గనిలోనే పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేశాడు. రిటైరయ్యాక క్వార్టర్ ముందు నాలుగు సాళ్ల మిరప వేసుకుని, ఆదివారాలు తన దగ్గరికి వచ్చే పదిమందికి, కదలనిదొక్కటే నిజమనే అచల బోధ చెప్పేవాడు. బోధ అంటే పెద్ద ప్రసంగం ఏమీ కాదు. ఒక తత్వం పాడి, చాయ్ పోసి, అడిగినదానికి జవాబు చెప్పి పంపేవాడు. ఒక్కోసారి జవాబు కూడా ఉండేది కాదు.

గొడవ వచ్చింది తత్వం గురించి కాదు. ఫుట్‌బాల్ గురించి.

ఆ బొగ్గు ఊళ్లో ఏటా గనుల మధ్య పోటీలు జరుగుతాయి. పదకొండేళ్లుగా కప్ గని యంత్రాలు బాగుచేసే వర్క్‌షాప్ వాళ్లదే. వాళ్లకు బూట్లున్నాయి, ఒకే రంగు బనీన్లున్నాయి, పొద్దున్నే పరుగు పెట్టించే మాస్టారు ఉన్నాడు. ఐదో గని కుర్రాళ్లు షిఫ్టు దిగి, చెవుల్లో మసి కూడా పోకుండా గ్రౌండుకు వచ్చేవారు. ఓడిపోయేవారు. అయినా ప్రతి ఆటకూ రాజలింగు డప్పు పట్టుకుని ముందు వరుసలో ఉండేవాడు. ఆ పక్కనే ఓదెలు. కేకలు వేసీ వేసీ ఇద్దరికీ సోమవారం గొంతు ఉండేది కాదు.

మొన్న ఆదివారం మొదటి ఆటే వర్క్‌షాప్‌తో పడింది.

ఏడో నిమిషంలో ఐదో గని కుర్రాడు సమ్మయ్య కొట్టిన బంతి వాళ్ల గోలీ కాళ్ల సందున దూరిపోయింది. జనం ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత గ్రౌండు లేచింది. పావుగంట కాకముందే రెండోది. సగం ఆటకు మూడు. టవళ్లు గాల్లో తిరుగుతున్నాయి, ఎవరి చెప్పులు ఎవరికో తెలియడం లేదు. నాలుగోది పడ్డప్పుడు రాజలింగు డప్పు పగిలింది. ఐదోది పడ్డప్పుడు ఓదెలు అతన్ని నడుం పట్టి ఎత్తి గిరగిరా తిప్పాడు. ఐదు, సున్నా. వర్క్‌షాప్ వాళ్లు తలలు వంచుకుని వెళ్తుంటే ఐదో గని మొత్తం గ్రౌండులోకి దిగి చిందులేసింది.

ఆ సాయంత్రమే చాయ్ హోటల్లో ఇద్దరికీ చెడింది.

"ఇగ కప్ మనదే!" అన్నాడు రాజలింగు బల్ల మీద చరుస్తూ. "రాసి పెట్టుకోండ్రి. ఇన్నేండ్ల లెక్క వేరు, ఇయ్యాల్టి నుంచి లెక్క వేరు."

ఓదెలు గ్లాసు దించాడు. "ఒక్క ఆటకే ఏమైతదిరా? వాళ్ల గోలీకి జరం వచ్చింది. వానకు గ్రౌండు జారింది. ఇది ఆట కిందికే రాదు."

"జరంతోని ఒక గోల్ పోతది, రెండు గోల్స్ పోతయి. ఐదు గోల్స్ జరం ఎక్కడన్న ఉంటదారా?"

హోటలంతా నవ్వింది. ఓదెలుకు ఆ నవ్వు తగిలింది. ఎనిమిదేళ్ల కింద ఇలాగే వర్క్‌షాప్‌ను రెండొకటితో ఓడించినప్పుడు, అందరికన్నా ముందు నమ్మినవాడు అతనే. కప్ పెట్టడానికి ఆ హోటల్ గోడకే తన చేతులతో టేకు చెక్క బిగించాడు. తర్వాతి ఆటలో ఏడు గోల్స్‌తో ఓడారు. ఆ చెక్క మీద ఇప్పుడు చాయ్ గ్లాసులు బోర్లిస్తున్నారు.

"గెలుపు కాదు, ఏం కాదు. గాలికి వచ్చింది, గాలికే పోతది," అన్నాడు ఓదెలు.

"నీది ఏడుపుగొట్టు మొహం! నువ్వు మనోళ్ల దిక్కా, వాళ్ల దిక్కా?"

హోటల్ రెండుగా చీలింది. గెలుపు గొప్పదని సగం మంది, దానికి అర్థమే లేదని సగం మంది. అర్ధగంటలో పాత సంగతులు, ఇంటి సంగతులు అన్నీ వచ్చాయి. రాజలింగు, ఓదెలు చెరో తలుపు నుంచి బయటికి వెళ్లారు.

సోమవారం, మంగళవారం, బుధవారం ఒకే టబ్బు నింపారు. ఒక్క మాట లేదు.

గురువారం పొద్దున రాజలింగు వంగి తట్ట నింపుతుండగా పైన చిటుక్కుమన్నది. ఓదెలు తల ఎత్తి చూశాడు. నోరు తెరిచాడు. నాలుగు రోజుల నుంచి మూసుకున్న నోట్లోంచి కేక రావడానికి ఒక లిప్త ఆలస్యమైంది.

"జరుగురా!"

రాజలింగు దూకాడు. మెడ మీద పడవలసిన బొగ్గు పెళ్ల భుజం గీరుకుంటూ పోయింది. ఓదెలు టబ్బు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. రాజలింగు భుజం తుడుచుకుని, అతని వైపు చూడకుండానే మళ్లీ తట్ట అందుకున్నాడు.

షిఫ్టు దిగగానే రాజలింగు సామి దగ్గరికి వచ్చాడు. మిరప సాళ్ల మధ్య నిలబడే జరిగిందంతా చెప్పాడు.

"సామీ, నువ్వే చెప్పు. ఐదు గోల్స్‌తోని గెలిచినం. దానికి అర్థం ఉన్నట్టా, లేనట్టా? నువ్వు ఏదంటే అది. వాడు కూడ నీ మాట కాదనడు."

సామి అతని చొక్కా పక్కకు జరిపి భుజం చూశాడు. గీత లోతుగా లేదు. పసుపు తెచ్చి అద్దాడు.

"బంతి ఎవరి దగ్గర ఉంటది?" అన్నాడు.

"బంతా? సమ్మయ్య ఇంట్ల ఉంటది సామీ."

"తీస్కరా. పోయేటప్పుడు ఓదెలును గూడ రమ్మను."

"వాడు రాడు సామీ."

"సామి బంతి ఆడుతడట అని చెప్పు. వస్తడు."

ఓదెలు వచ్చాడు. అతనొక్కడే కాదు. డెబ్బై రెండేళ్ల లస్మయ్య సామి ధోతిని గోచీగా బిగించి, ఉత్త కాళ్లతో గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డాడన్న కబురు క్వార్టర్లన్నీ తిరిగింది. రెండో షిఫ్టుకు పోయేవాళ్లు సైకిళ్లు ఆపారు. బిందెలతో పోయే ఆడవాళ్లు ఆగారు. చూస్తుండగానే గ్రౌండు చుట్టూ జనం.

"లింగూ, తన్ను," అన్నాడు సామి.

రాజలింగు బిత్తరపోయాడు. ఇన్నేళ్లలో అతను వేల కేకలు వేశాడు. బంతిని మాత్రం ఒక్కసారి కూడా తన్నలేదు.

"నాకు రాదు సామీ."

"నాకు ఆపుడు వచ్చా? తన్ను."

జనం గోల చేశారు. రాజలింగు బంతి పెట్టాడు, కళ్లు మూసుకున్నంత పని చేసి, బొటనవేలితో పొడిచాడు. బంతి వంకరగా దొర్లింది. సామి ఎడమవైపు వాలాడు. అది కుడివైపు నుంచి, పోస్టును రాసుకుంటూ లోపలికి పోయింది.

ఈలలు, చప్పట్లు, సైకిల్ బెల్లులు. రాజలింగు రెండు చేతులూ పైకెత్తి సగం గ్రౌండు పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి అతనికి ఊపిరి ఆడటం లేదు, నవ్వు ఆగడం లేదు.

"గోలేనా?" అడిగాడు సామి.

"గోలే సామీ!"

"ఇంకోటి తన్ను."

ఈసారి రాజలింగు ఛాతీ విరుచుకుని వచ్చాడు. సమ్మయ్యలాగా పది అడుగులు వెనక్కి వేశాడు, సమ్మయ్యలాగా భుజం వంచాడు. తన్నాడు. బంతి పోస్టుల మీది నుంచి, జనం మీది నుంచి ఎగిరి, తుమ్మ పొదల్లో పడింది.

పకపకా నవ్వినవాడు ఓదెలు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"చూసినవా సామీ! నేను చెప్పింది ఇదే. మొదటిది గాలికి పోయింది. దానికేం అర్థం లేదు!"

సామి అతని వైపు తిరిగాడు.

"ఓదెలూ, ఇందాకటిది గోలా, కాదా?"

"అదీ... గోలే. కానీ సామీ..."

"ఇప్పుడిది తప్పింది గద. పోయి సూడు, ఆ గోల్ ఏమన్న బయటికి వచ్చిందేమో."

ఓదెలు నవ్వు ఆగింది. అతను నిజంగానే గోల్‌పోస్టుల వైపు చూశాడు. ఎనిమిదేళ్ల కింద ఆ పోస్టుల మధ్యే పడ్డ రెండు గోల్స్ గుర్తొచ్చాయో ఏమో, అతని ముఖం మెత్తబడింది.

రాజలింగు ముఖం వెలిగిపోయింది. "అదే గద సామీ! నేను మొదటి నుంచి అదే మొత్తుకుంటున్న..."

"నువ్వు పోయి బంతి తీస్కరా," అన్నాడు సామి.

రాజలింగు తుమ్మ ముళ్లలో దూరి, మోచేతులు గీరుకుని, బంతి తెచ్చాడు. మూడోసారి పెట్టాడు. జనం మళ్లీ మొదలుపెట్టారు. పోతదని కొందరు, పోదని కొందరు. చెరోవైపు నుంచి కేకలు. ఇందాకటి రెండింటికన్నా ఇప్పుడే ఎక్కువ గోల. సామి గోచీ ఇంకోసారి బిగించి, మోకాళ్లు వంచి, చేతులు చాచాడు. ఆ కళ్లు పదేళ్ల పిల్లవాడి కళ్లలా ఉన్నాయి.

రాజలింగు బంతి వైపు చూశాడు. కాలు ఎత్తబోయి ఆగాడు. మొదటిసారి లేని భయం ఇప్పుడు పట్టుకుంది.

"సామీ, ఇది లోపలికి పోతదా?"

"ఇందాక కొట్టినవు గద ఒక గోల్. దాన్ని అడుగు."

రాజలింగు కిందికి చూశాడు. బంతి అతని కాళ్ల ముందు, దుమ్ము అంటుకుని, కదలకుండా ఉంది. ఎదురుగా సామి. ఎవరూ అతని బదులు తన్నరు. అరిచే జనం ఒక్కసారిగా దూరం జరిగినట్టు అనిపించింది అతనికి.

అతను వెనక్కి నడవసాగాడు. ఒకటి, రెండు, మూడు అడుగులు.

"అంత వెనక్కి పోకురా!" వెనక నుంచి కేక వచ్చింది. ఓదెలు గీత దాటి గ్రౌండులోకి వచ్చేశాడు. గొంతు చించుకుని అరుస్తున్నాడు. "నాలుగడుగులు చాలు! వేలితోని పొడవకు, పక్కపాదంతోని కొట్టు! లింగూ, ఇంటున్నవా? పక్కపాదం!"

రాజలింగు తిరిగి చూశాడు. ఇద్దరి కళ్లూ కలిశాయి.

"ఇంటున్న," అన్నాడు.

నాలుగడుగుల దగ్గర ఆగి, బంతి వైపు పరుగు తీశాడు.