అలిగిన బంగారయ్య, మారని నీళ్లు

భీమునిపట్నంలో బంగారయ్య అని ఒక ఐసు ఫ్యాక్టరీ యజమాని ఉండేవాడు. పనిలో ఎంత నిక్కచ్చి మనిషో, అలకలో అంత మొండి మనిషి.

ఆయన ఇంటి ముందుగదిలో పెద్ద గాజుతొట్టి ఉండేది. అందులో ఉప్పునీళ్లు, రాళ్లు, ఆ రాళ్లను అంటుకుని వేళ్లలా ఊగే మెత్తని పగడాలు. నడిమధ్య ఒక సముద్రపు పువ్వు. పేరుకు పువ్వే గానీ అది ప్రాణి. దాని రేకుల మధ్య తెల్లచారల నారింజరంగు చేపల జంట ఒకటి కాపురముండేది. గుప్పెడంత ఉన్నప్పటి నుంచీ పెంచి బంగారయ్య ఆ పువ్వును పళ్లెమంత చేశాడు. సాయంత్రమైతే వీధి పిల్లలంతా వచ్చి గాజుకు ముక్కులు ఆనించి చూసేవారు. మరకలు పడతాయని వాళ్లను కసురుతూనే ఉండేవాడు. వాళ్లు రాని రోజున మాత్రం గుమ్మంలోకి వచ్చి వీధి చివరిదాకా చూసేవాడు.

ఆ తొట్టికి ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ప్రతి ఆదివారం కొన్ని బిందెల పాతనీళ్లు తోడెయ్యాలి, అన్నే కొత్తనీళ్లు పొయ్యాలి. ఒడ్డున ముంచిన నీళ్లు పనికిరావు. ఏరు కలిసే చోటు గనక అవి బురదగా, ఉప్పు చాలక చప్పగా ఉంటాయి. అందుకని ఆయన చెల్లెలి మొగుడు దానయ్య వేటకు పోయినప్పుడు నడిసంద్రంలో క్యాన్లు నింపి తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు. ఉప్పు పొట్లాలు దొరుకుతాయి, కొని కలుపుకోమని ఎవరో చెబితే బంగారయ్య నవ్వాడు.

"సంద్రం పక్కన కాపురముండి, సంద్రాన్ని పొట్లం కట్టించుకు రమ్మంటావా?" అన్నాడు.

ఇలా సాగుతుండగా దానయ్య కూతురికి ఓణీల వేడుక వచ్చింది. భోజనాల దగ్గర బంగారయ్యను రెండో బంతిలో కూర్చోబెట్టారు. ఆయన విస్తరి మడిచేసి, తాంబూలం పుచ్చుకోకుండా ఇంటికి వచ్చేశాడు. ఆ ఆదివారం దానయ్య తెచ్చిన క్యాన్లను గుమ్మంలోంచే తిప్పి పంపాడు. మిగతా పడవలవాళ్లను అడిగితే, బావాబావమరుదుల మధ్యకు మేం రాలేం అన్నారు.

నీళ్లు మార్చడం అలా ఆగిపోయింది. ఆవిరై తగ్గినప్పుడల్లా బంగారయ్య మంచినీళ్లు పోసి మట్టం సరిచేసేవాడు. పంపు తిరుగుతూనే ఉంది. నీళ్లు అద్దంలా మెరుస్తూనే ఉన్నాయి. భార్య చినతల్లి చూసీ చూసీ ఒకరోజు ఉండబట్టలేకపోయింది.

"అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టుంది నీ వరస. ఆ పువ్వు నీకేం బంతి తప్పించింది?" అంది.

"నీళ్లెంత తేటగా ఉన్నాయో చూడు. మురికుంటే కనపడదా?" అన్నాడు బంగారయ్య.

కనపడదు. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు. చేపలు విసర్జించింది నీళ్లలోనే కరిగి, కంటికి ఆనకుండా పేరుకుంటుంది. పగడాలకు కావలసిన సత్తువేమో ఆ నీళ్లలోంచే తరిగిపోతుంది. మంచినీళ్లు పోస్తే తొట్టి నిండుతుందే గానీ ఈ రెండూ తీరవు. ఊళ్లో ఎవరు ఇలాంటి తొట్టి పెట్టినా ఈ మాటే చెప్పి చీవాట్లు పెట్టేవాడు తను. అలాంటిది, తన మాటను తన చెవికే ఎక్కనివ్వలేదు పంతం.

ముందు పగడాలు ముడుచుకున్నాయి. తర్వాత రాళ్ల మీద గోధుమరంగు పాచి లేచింది. ఆపైన పువ్వు రేకులు కుంచించుకుపోయి, మధ్యలో నోరు వేలాడేసింది. బంగారయ్య దీపం మార్చాడు. పంపు మార్చాడు. చేపలకు మేత తగ్గించాడు. చెయ్యవలసిన ఒక్కటి తప్ప అన్నీ చేశాడు.

"తాతా, పువ్వుకు జ్వరమొచ్చిందా?" అని అడిగింది పిల్లల్లో ఒకతె.

ఆయన కండువా భుజాన వేసుకుని తిన్నగా రేవుకు నడిచాడు. దానయ్య పడవ నీడన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"మా బావేనా? దారి తప్పినట్టున్నాడు," అన్నాడు తల ఎత్తకుండానే.

"నీళ్లు కావాలి."

"నీళ్లకేం బావా, సంద్రం నిండా ఉన్నాయి. మొదటి బంతి పైవాళ్లకు పెట్టుకున్నాను. ఇంటివాడివని నిన్ను నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. అదీ తప్పేనా?"

"ఇంటివాడైతే మటుకు చల్లారిన పులుసు పోస్తారా?" అన్నాడు బంగారయ్య.

దానయ్య నవ్వేశాడు. బంగారయ్య నవ్వలేదు. కానీ పడవ కదిలినప్పుడు తనూ ఎక్కి, క్యాన్లు తన చేత్తోనే నింపుకున్నాడు.

ఇంటికి రాగానే ఉన్న నీళ్లన్నీ పారబోసి కొత్తవి నింపెయ్యాలని తొందరపడ్డాడు. దానయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"పస్తులున్నవాడికి ఒక్కసారే పెళ్లిభోజనం పెడితే బతుకుతాడా బావా? కొద్దికొద్దిగా పొయ్యి."

అలాగే కొద్దికొద్దిగా మార్చుకుంటూ వచ్చారు. పగడాలు మెల్లగా విచ్చుకున్నాయి. పువ్వు విచ్చుకోలేదు. ఒక పొద్దున అది రాతి మీద నుంచి జారిపోయి, కరగడం మొదలుపెట్టింది. మిగతా ప్రాణులకు చేటు కాకుండా బంగారయ్యే దాన్ని దోసిట్లో ఎత్తి బయటికి తీశాడు. చేపల జంట చాలాసేపు ఆ ఉత్త రాతికే ఒళ్లు రుద్దుకుంటూ తిరిగింది.

సాయంత్రం పిల్లలు వచ్చి పువ్వేదని అడిగారు.

"నా అలక మింగేసింది," అన్నాడు బంగారయ్య.

రెండో బంతి సంగతి ఆయన ఆ తర్వాత కూడా మరిచిపోలేదు. దానయ్య వస్తే టీ ఇచ్చేది చినతల్లే. ఆయన తల తిప్పుకునేవాడు. కానీ ఏ ఆదివారమూ క్యాన్లు వెనక్కి పోలేదు, తొట్టిలో నీళ్లు మారకుండా ఉండలేదు.

నీతి: మనిషి మీద పంతముంటే మనిషితోనే తేల్చుకోవాలి. దాన్ని తప్పకుండా చెయ్యవలసిన పని మీద చూపితే, బలయ్యేది మనల్ని నమ్ముకున్న నోరులేని ప్రాణం.