మిట్టమధ్యాహ్నపు దొంగతనం

ఖాదర్‌షా బాబా చూసుకునే దర్గా ఉన్న కొండ మీద ఏ తగువొచ్చినా తీర్పు చెప్పేది దర్గావాళ్ళే. వయసు మీదపడడంతో బాబా ఆ పని శిష్యుడు దస్తగిరికి అప్పగించాడు. ఇంకేముంది, దస్తగిరి కాళ్ళు నేల మీద ఆనడం లేదు!

ఆవేళ ఇద్దరు చెప్పుల దొంగలు దొరికారు. పూలమ్మే ఓబులేసు పొద్దున్నే దర్గా గడప దగ్గర ఒక షావుకారి చెప్పులు ఎత్తుకుపోయాడు. మద్దిలేటి అనేవాడు మిట్టమధ్యాహ్నం ఒక అవ్వ చెప్పులు కాజేశాడు. జ్వరంతో ఉన్న మనవణ్ణి చంకనేసుకొచ్చిన ఆ అవ్వ, తాయెత్తు కట్టించుకుని ఆ ఎండలో ఉత్తకాళ్ళతోనే దిగిపోయింది.

"ఇద్దరూ ఇక కొండెక్కకూడదు," అని ఒక్కమాటతో తేల్చేశాడు దస్తగిరి.

ఓబులేసు పెళ్ళాం వచ్చి కాళ్ళావేళ్ళా పడింది. "ఈ కొండ మీద పూలమ్మితేనే మా పొయ్యి వెలిగేది సామీ! తప్పే చేశాడు. చెప్పులు తిరిగిచ్చేశాడు కదా!"

"దొంగతనం దొంగతనమే తల్లీ. ఒకడికో న్యాయం, ఇంకొకడికో న్యాయమా?" అని, మెచ్చుకుంటాడేమోనని బాబా వంక చూశాడు. బాబా గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున లేచేసరికి దస్తగిరి చెప్పులు లేవు.

"నేనే దాచాన్లే. కొండ కింద నీటిబుగ్గ నుంచి కడవెడు నీళ్ళు పట్రాపో," అన్నాడు బాబా.

ముసలాయనకు ఇదేం సరదానో అనుకుంటూ, చల్లటి రాతిమెట్ల మీద పాట పాడుకుంటూ నీళ్ళు తెచ్చాడు. బాబా చెప్పులు ఇచ్చేశాడు.

మధ్యాహ్నానికి అవి మళ్ళీ మాయం. మళ్ళీ కడవ చేతికొచ్చింది.

దిగేటప్పుడు ఎలాగో గెంతుకుంటూ దిగాడు. ఎక్కేటప్పుడు నిండు కడవతో గెంతనూ లేడు, పరిగెత్తనూ లేడు. సగం కొండకే అరికాళ్ళు బొబ్బలెక్కాయి. అమ్మో! కడవ ఇక్కడే దించేసి నీడకు ఉరుకుదామనుకున్నాడు. అప్పుడు అవ్వ గుర్తొచ్చింది. ఆమె చంకలో ఉన్నది కడవ కాదు. దస్తగిరికి ఏడుపు ముంచుకొచ్చింది.

కుంటుతూ వచ్చినవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, బాబా ఆ నీళ్ళే కాళ్ళ మీద పోశాడు.

"పొద్దున కూడా నీ చెప్పులు తీసింది నేనే కదరా. అప్పుడు పాట పాడుకుంటూ వచ్చావే!"

దస్తగిరి ఆ సాయంత్రమే ఇద్దర్నీ పిలిపించాడు. ఓబులేసును షావుకారి ఎదుట తప్పొప్పుకుని, దర్గా ముంగిలి ఊడ్చి, ఆపైన పూలబుట్ట ఎత్తుకోమన్నాడు. మద్దిలేటి వైపు తిరిగేసరికి గొంతు గట్టిపడింది.

"నువ్వు ముందు అవ్వ ఊరికి పోయి, ఆమె కాళ్ళు పట్టుకుని చెప్పులు తొడిగి రా. ఈ ఎండాకాలమంతా మధ్యాహ్నం పూట మెట్ల మీద నీళ్ళు చల్లేది నువ్వే. ఉత్తకాళ్ళతో."

మర్నాడు మద్దిలేటి ఎవరూ పిలవకుండానే వచ్చి కడవ ఎత్తుకున్నాడు. "అవ్వ తిట్టలేదు సామీ. మజ్జిగ పోసింది," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

వాడు ఎండలోకి దిగుతుంటే దస్తగిరికి మనసు పీకింది. "మరీ ఎక్కువైందా బాబా? వాడి కాళ్ళు కాలిపోవూ?"

బాబా నవ్వాడు. "నీళ్ళు చల్లేవాడి కాళ్ళే కదరా ముందు చల్లబడేది!"