మోకాళ్ల మీద కొలిచిన పెరడు

అనగనగా కొండల నడుమ పొన్నగిరి అనే రాజ్యం. ఆ రాజ్యంలో ఒక వింత ఆచారం. రాజుగారికి తప్ప ఎవరూ దేనికీ మోకాళ్లు వంచకూడదు. వంచితే రాజుకు అవమానం.

ఆ కోటలో పైడమ్మ అనే దాది ఉండేది. ఒక బిడ్డను చంకనేసుకుని, ఇంకో బిడ్డను చెయ్యి పట్టుకుని నడిపిస్తూ సముద్రపు ఒడ్డు నుంచి అంత దూరం వచ్చింది. ‘ఏం కాదులేవే’ అని చెప్పే పెద్దదిక్కు దగ్గర లేదు. అందుకే ప్రతిదీ రెండుసార్లు చూసుకునేది. కోటలోవాళ్లు ‘శంకల పైడమ్మ’ అని పేరు పెట్టారు.

మూడేళ్ల యువరాణి హేమలేఖ, పైడమ్మ పిల్లలు మేడమీది గదిలోనే పెరుగుతున్నారు. కోటకు వచ్చాక పైడమ్మ పిల్లలు కూడా మన్ను తొక్కి ఎరుగరు. ఒకనాడు యువరాణి కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాచి, వాన చినుకులు అందక ఏడుస్తుంటే రాజు చూశాడు.

“వెనక పెరట్లో పిల్లలకు ఆటస్థలం సిద్ధం చేయండి. మూడు రోజులు గడువు. అందులో ఒక్క అపాయం కనిపించినా, యువరాణికి ఏడేళ్లు నిండేదాకా పిల్లలెవరూ మేడ దిగరు” అన్నాడు.

మొదటి రోజు సేనాపతి పెరడు చుట్టూ నిలువెత్తు వెదురు దడి కట్టించాడు. “ఏనుగొచ్చినా లోపలికి రాదు” అని మీసం దువ్వాడు.

రెండో రోజు తోటల అధికారి పాత తీగలన్నీ పందిరి మీదికి ఎక్కించి నీడ చేశాడు. “ఎండ పొడ పడితే నన్నడగండి” అన్నాడు.

మూడో రోజు మంత్రి బావి చుట్టూ తన ఛాతీ ఎత్తున గోడ కట్టించాడు. “తొంగి చూడాలంటే నాకే కష్టం” అని నవ్వాడు.

సాయంత్రం రాజు వచ్చాడు. నిలబడి నాలుగు వైపులా చూశాడు. అంతా బాగానే ఉంది. కానీ పైడమ్మ ముందుకొచ్చి, రాజుకు వీపు చూపి, మట్టిలో మోకాళ్ల మీద కూర్చుంది.

“ఏమే పైడమ్మా, మట్టికి మోకరిల్లుతున్నావా?” అని మంత్రి గద్దించాడు.

“నా పిల్లలు మీ నడుం దాకా రారు బాబూ. వాళ్ల కళ్లున్న చోట నా కళ్లు పెట్టి చూస్తాను. ఆ తర్వాత మీ ఇష్టం.”

పెరడంతా పాకింది. నౌకర్లు ముసిముసిగా నవ్వారు. దడి దగ్గర ఆగింది. అడుగున వెదుళ్ల మధ్య బిడ్డ తల దూరేంత సందు. తల దూరితే వెనక్కి రాదు. పందిరి కింద ఆగింది. ఆకుల చాటున రాలిన ఎర్రటి గురివింద గింజలు. నోట్లో వేసుకుంటే విషం. బావి దగ్గర ఆగింది. గోడ పక్కనే బట్టలుతికే బండ. బిడ్డకు అది ఎక్కే మెట్టు.

పైడమ్మ మేడ కిటికీ వైపు చూసింది. చెబితే తన పిల్లలూ నాలుగేళ్లు గదిలోనే. చెప్పకపోతే రేపే మన్ను తొక్కుతారు. అయినా లేచి మూడూ రాజుకు చెప్పింది.

“అయితే పెరడు మూసేయండి” అన్నాడు రాజు.

“ప్రభూ, కనిపించిన అపాయాన్ని ఈ పూటే తీసేయొచ్చు. కనిపించనిదే కాటేస్తుంది. ఒక్కసారి మీరే వంగి చూడండి.”

రాజు కిరీటం తీసి మంత్రి చేతిలో పెట్టాడు. మోకాళ్ల మీద పాకాడు. సందులో చెయ్యి పెట్టాడు, గింజలు ఏరాడు, బండ ఎత్తు చూశాడు. మట్టి అంటిన పంచెతోనే లేచాడు.

“మా ఆచారం మా కళ్లకు గంతలు కట్టింది. నేటితో అది రద్దు. శంకల పైడమ్మ కాదు, ఈమె ఇకమీద పెరటి పెద్ద.”

సందులు మూశారు. గురివింద తీగను వేళ్లతో పెకలించారు. బండను దూరంగా దొర్లించారు, బావికి మూత వేశారు. పందిరి కింద మెత్తటి ఇసుక పోశారు.

తెల్లవారి పిల్లలు కేరింతలు కొడుతూ దిగారు. పరుగెత్తబోయి యువరాణి ఇసుకలో బోర్లా పడింది. సేనాపతి కంగారుగా ఉరికాడు.

“ఆగండి బాబూ, పడనివ్వండి. పడి లేవడానికే కదా ఇంత ఇసుక పోశాం” అంది పైడమ్మ.

యువరాణి తనంతట తానే లేచి, ముక్కుకు అంటిన ఇసుక తుడుచుకుని నవ్వింది. ఆమె వెనకే పైడమ్మ పిల్లలు, వాళ్ల వెనక రాజు పరుగెత్తారు.

ఎవరి కోసం కడుతున్నామో వారి ఎత్తుకు వంగి చూసినవారే భద్రంగా కట్టగలరు.